డాక్టర్ సలహా: మే ఎండల్లో అమ్మ ప్రయాణం.. రమ్మనాలా, వద్దనాలా?

ప్రశ్న: మేం హనుమకొండలో ఉంటాం. మా అమ్మకు 71 ఏళ్లు. జగిత్యాల దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. పిల్లలకు సెలవులు కదా, మే మూడో వారంలో వచ్చి ఐదు రోజులు ఉండి పోతానంటోంది. ఆమెకు చాలా ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. పొద్దున, రాత్రి 30/70 ఇన్సులిన్ తీసుకుంటుంది. షుగర్‌కే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ మాత్రలు, బీపీకి టెల్మిసార్టాన్-హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతోంది. గుండె, కిడ్నీ జబ్బులు లేవు. పోయిన ఎండాకాలం ఇలాగే వచ్చి, బస్సు దిగగానే కళ్లు తిరిగి బస్టాండులోనే కూలబడింది. ఇప్పుడేమో ఫ్రీ బస్సే కదా, ఆధార్ కార్డు పట్టుకుని ఒక్కదాన్నే వస్తానంటోంది. రమ్మనాలంటే భయం, వద్దనాలంటే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: రమ్మనండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ఆమె ప్రయాణం మానుకోవాల్సినంత పరిస్థితి లేదు. కాకపోతే పోయినసారి వచ్చినట్టు మాత్రం రావద్దు.

బస్టాండులో ఎందుకు పడిపోయిందో మీ అమ్మనే ఒక మాట అడిగి చూడండి. ఆ రోజు ఇంట్లో బయల్దేరినప్పటి నుంచి ఎన్ని నీళ్లు తాగావని. నాకు తెలిసి జవాబు ‘రెండు గుక్కలు’ అని వస్తుంది. మన పెద్దాడవాళ్లు బస్సెక్కాలంటే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తారు. మధ్యలో ఒంటికి వస్తే బస్సు ఆపమని అడగాలి, బస్టాండులో బాత్రూం ఎలా ఉంటుందో తెలియదు, సంచి ఎవరికి అప్పజెప్పాలో తెలియదు. అందుకని నోరు కట్టేసుకుంటారు. వయసు పైబడ్డాక దాహం కూడా సరిగా తెలియదు కాబట్టి వాళ్లకు ఇబ్బందిగా కూడా అనిపించదు.

ఇప్పుడు ఆమె మాత్రలు చూడండి. బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్‌ను మనం నీళ్ల మాత్ర అంటాం. ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో పంపేయడమే దాని పని. డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరను మూత్రంలోకి పంపుతుంది, దాంతోపాటే నీళ్లూ పోతాయి. అంటే నీళ్లు బయటికి పంపే మందులు రెండు ఉన్నాయి, లోపలికి వచ్చేవి మాత్రం రెండు గుక్కలు. పైన చెమట. గంటల తరబడి కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. అది వడదెబ్బేమో అని మీరు భయపడి ఉంటే, అసలు జరిగింది బహుశా ఇదే. షుగర్ పడిపోయినా అలాగే ఉంటుంది కాబట్టి ఆ అనుమానాన్నీ కొట్టిపారేయలేం.

కాబట్టి బయల్దేరడానికి వారం పది రోజుల ముందు ఆమెను చూసే డాక్టర్ దగ్గరికి ఒకసారి పంపండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడమనండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతుంటే, ఎండాకాలం వరకు నీళ్ల మాత్ర తగ్గించడమో మార్చడమో ఆయనే చేస్తారు. మీరు మాత్రం ఫోన్లో ‘ఆ మాత్ర మానెయ్యమ్మా’ అని చెప్పొద్దు.

బస్సు విషయానికొస్తే, తెల్లవారుజామున ఐదున్నరకో ఆరుకో ఎక్కించండి. తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా మీ ఇంట్లో ఉండాలి. పది దాటితే జగిత్యాల, కరీంనగర్ వైపు మే ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రద్దీ ఎక్కువ. టికెట్‌కు డబ్బులు లేకపోవడం మంచిదే గానీ, 71 ఏళ్ల మనిషి హుజూరాబాద్ దాకా నిలబడి రావాల్సి వస్తే ఆ లాభం లాభం కాదు. సీటు రిజర్వు చేసుకునే బస్సుకు డబ్బులు పెట్టండి, లేదా ఇంట్లో ఎవరైనా వెళ్లి తీసుకురండి. కరీంనగర్‌లో బస్సు మారాల్సి వస్తే బాత్రూంకు వెళ్లి రావడానికి సంచి పట్టుకునే మనిషి పక్కన ఉండాలి. ఆ ఒక్క భరోసా ఉంటే నీళ్లు తాగమని ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. దిగేటప్పుడు అందరూ దిగేదాకా ఆగి, కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడించి, రాడ్ పట్టుకుని లేచి, అర నిమిషం నిలబడి అప్పుడు దిగమనండి.

అన్నిటికన్నా ప్రమాదం ఎక్కడంటే, పొద్దున్నే ఇంట్లో ఇన్సులిన్ వేసుకుని, ‘అక్కడికి పోయి తింటాలే’ అని బస్సెక్కేయడం. 30/70 ఇన్సులిన్ వేసుకుంటే అరగంటలో తినాల్సిందే. దారిలో బస్సు ఆలస్యమైతే ఆమె షుగర్ ఎవరి కోసమూ ఆగదు. ప్రయాణం రోజు ఇన్సులిన్ మీ ఇంటికి వచ్చి, టిఫిన్ ప్లేటు ముందు పెట్టుకుని వేసుకోమనండి. గంటో రెండు గంటలో ఆలస్యమైతే కొంపలేం మునగవు. బస్సులో ఆకలైతే తినడానికి సగం జొన్న రొట్టో, నాలుగు బిస్కెట్లో, చేతికందేచోట నాలుగైదు చెంచాల చక్కెర పొట్లం ఉండాలి. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. మిషన్ లేకపోతే చూడటం కోసం ఆగకుండా తాగించేయండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు.

ఇన్సులిన్ సీసాను ఐస్ ముక్కల్లో పెట్టి తీసుకొస్తుంటారు కొందరు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు, పారేయడమే. చిన్న డబ్బాలో పెట్టి తడిగుడ్డ చుట్టి చేతి సంచిలో తెచ్చుకుంటే పొద్దుటి ప్రయాణానికి చాలు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో ఉంచండి. ఊళ్లో కరెంటు పోతూ ఉంటే రంజన్ (మంచినీళ్ల మట్టికుండ) పక్కన తడి ఇసుకలో డబ్బా పెట్టే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది.

ఇక మీ ఇంటికి వచ్చాక. హనుమకొండ వచ్చిన పెద్దావిడ వేయి స్తంభాల గుడికో భద్రకాళి అమ్మవారి దగ్గరికో వెళ్లకుండా తిరిగి వెళ్తుందా? వెళ్లనివ్వండి, కానీ పొద్దున ఏడు గంటల్లోపు. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. మధ్యాహ్నం కాలిపోతున్న బండ మీద మనం గెంతుతూ నడుస్తుంటే, వాళ్లు నింపాదిగా ప్రదక్షిణ చేస్తుంటారు. మర్నాడు అరికాలంతా బొబ్బ. కాలినట్టు వాళ్లకే తెలియదు, మనవడు చూసి చెప్తాడు. ఆ పుండు మానడానికి నెలలు పట్టొచ్చు, చీము పట్టిందంటే వేలు తీసేయాల్సి రావచ్చు. మందపాటి నూలు మేజోళ్లు తొడిగి తీసుకెళ్లండి. రాత్రి పడుకునే ముందు మీరే ఒకసారి అరికాళ్లు చూడండి.

నీళ్లు రోజుకు రెండు లీటర్ల దాకా, కొంచెం కొంచెంగా. మూత్రం బాగానే వస్తోంది కదా అని ధీమా పడొద్దు. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లకు ఒంట్లో నీళ్లు తగ్గినా మూత్రం వస్తూనే ఉంటుంది. పల్చటి సల్ల, అంబలి మంచివే, ఉప్పు కాస్త చూసుకోండి. ఓఆర్ఎస్‌ను మంచినీళ్లలా రోజూ తాగించొద్దు. వాంతులు, విరేచనాలు అయినప్పుడు ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలిపి ఇవ్వాలి. తీయటి డబ్బా పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మకుండా 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అడ్డుకట్ట వేసింది. పాత సరుకు ఎవరైనా అంటగడితే కొనకండి. వాంతులై తినలేకపోతే డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్, నీళ్ల మాత్ర ఆ రోజుకు ఆపాలా అని అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఇన్సులిన్ మాత్రం మీ అంతట మీరు పూర్తిగా ఆపేయకూడదు.

మామిడిపండు సంగతి మీరు అడగలేదు గానీ ఆమె అడుగుతుంది. భోజనంలో అన్నం తగ్గించి రెండు ముక్కలు పెట్టండి. కూలర్ వేస్తే కిటికీ తెరిచి ఉంచాలి, మూస్తే ఉక్క పెరుగుతుంది. బాత్రూం దారిలో రాత్రంతా చిన్న లైటు వెలగాలి. కొత్త ఇంట్లో జారిపడితే తుంటి విరుగుతుంది.

ఒళ్లు పెనంలా కాలిపోతూ, మాట తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోందా లేదా అని చూస్తూ కూర్చోవద్దు. పారాసెటమాల్ దీనికి పనిచేయదు. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోగా నీడలో పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ గాలి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి.

చివరిగా ఒక పరీక్ష. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలోని లవణాలైన సోడియం, పొటాషియం చూసి ఎన్నాళ్లైందో మీరు రాయలేదు. ఈ మాత్రలతో, ఈ వయసులో, ఎండాకాలం ముందు ఒకసారి చూడాలి. ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి రక్తం ఇప్పించండి. సోడియం 135 కన్నా తక్కువ వస్తే ప్రయాణం తేదీ వారం జరిపి, ముందు ఆ నీళ్ల మాత్ర సంగతి డాక్టరుతో తేల్చుకోండి.