కార్డులు తగ్గించుకోబోయే బుజ్జమ్మకు

బుజ్జమ్మా,

నాలుగు క్రెడిట్ కార్డులను రెండు చేసుకుని, ఉన్నవాటి లిమిట్ పెంచుకుని, వచ్చే ఏడాది తిరుపతిలోనే ఇంటి లోనుకు పోతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల తన పేరు మీద, తన జీతంతో ఇల్లు కొంటానంటే వినడం నాకిదే మొదలు. ఎంత సంతోషమైందో రాయడానికి రాదు. కానీ "చిన్న కార్డులు రెండూ ఈ నెలలోనే క్లోజ్ చేసేస్తుందంట" అని మీ అమ్మ తేలిగ్గా అనేసరికి గుండెల్లో రాయి పడింది. ఎందుకో చెప్పాలంటే మీ నాయన సంగతి రాయాలి. రాయొచ్చా అని అన్నను అడిగినా. "రాయి, నేనైతే దానికి చెప్పలేకపోయినా" అన్నాడు.

ముందు సులువైనవి చెప్తా. లిమిట్ పెంచమని అడిగే ముందు బ్యాంకు దగ్గర నీ కొత్త జీతం నమోదైందో లేదో చూడు. రేణిగుంట కంపెనీలో చేరిన రోజు రాసిచ్చిన జీతమే వాళ్ల దగ్గరుంటే, నువ్వు ఎంత బాగా కట్టినా లిమిట్ కదలదు. పే స్లిప్పులు, జీతం మీద పన్ను కోసినట్టు కంపెనీ ఇచ్చే ఫారం 16 ఇవ్వు. లిమిట్ పెంచుతామని యాప్‌లో వాళ్లే చూపిస్తే చాలావరకు కాగితాలు కూడా అడగరు. మొదటి ఉద్యోగంలో వచ్చిన కార్డు అన్నిటికంటే పాతది, దాన్ని మాత్రం మూయొద్దు. ఏడాది ఫీజు భారమనిపిస్తే ఫీజు లేని రకానికి మార్చమని అడుగు. కొత్త కార్డు కోసం రెండు మూడు బ్యాంకులకు ఒకేసారి అప్లై చెయ్యొద్దు. అడిగిన ప్రతి బ్యాంకూ నీ క్రెడిట్ రిపోర్టు, అంటే నీ అప్పులు, అవి కట్టిన తీరు రాసుండే చిట్టా, తీసి చూస్తుంది, చూసిన గుర్తు అందులో ఉండిపోతుంది. ఇంటి లోను ఆఫీసరు దాన్ని చూసి "ఈ పిల్లకు ఇంత తొందరేమిటి" అనుకుంటాడు.

ఇప్పుడు నీ లెక్కకు వస్తా. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి పాత కార్డుకు 1,20,000 లిమిట్, రెండో బ్యాంకువి రెండు కార్డులు 80,000, 60,000, మూడో బ్యాంకుది 40,000. మొత్తం 3,00,000. ఆఫీసు టూర్ల టికెట్లు, హోటళ్లు కూడా నీ కార్డు మీదే పెట్టి తర్వాత కంపెనీ దగ్గర వెనక్కి తీసుకుంటావు కాబట్టి నెలకు 75,000 దాకా వాడకం. అంటే లిమిట్‌లో 25 శాతం. 30 లోపల ఉంటే మంచిదని నేను పనిచేసిన బ్యాంకు లోన్ల సెక్షన్‌లో అందరం చెప్పేవాళ్లం. నువ్వనుకున్నట్టు ముందే చిన్న కార్డులు రెండూ మూసేసినావనుకో, మిగిలేది 2,00,000. వాడకం అదే 75,000. అప్పుడది 37.5 శాతం. ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఖర్చు పెట్టకుండానే, అప్పుల మీద ఎక్కువ ఆధారపడే మనిషిలాగా కనబడతావు, అదీ ఇంటి లోనుకు పోబోయే ముందు.

వరస మార్చు తల్లీ. మొదట రెండో బ్యాంకును అడిగి, ఆ 60,000 లిమిట్‌ను 80,000 కార్డు మీదికి మార్పించుకో. కార్డు ఒకటి తగ్గుతుంది, లిమిట్ 1,40,000 అట్లే ఉంటుంది. ఒకే బ్యాంకు కార్డుల మధ్య కొన్ని బ్యాంకులు ఈ పని చేస్తాయి, కొన్ని చేయవు. వేరే వేరే బ్యాంకుల మధ్య మాత్రం కుదిరే పని కాదు. ఇంకోటి, కొన్ని బ్యాంకులు రెండు కార్డులకూ కలిపి ఒకే లిమిట్ ఇస్తాయి. నీ బ్యాంకు అట్లాంటిదైతే 80,000కు 60,000 కలిపి లెక్క వేసుకోవద్దు, ఉండేది ఒక్కటే లిమిట్. అది ముందే కనుక్కో. ఆ తర్వాత పాత కార్డుకు 2,00,000 అడుగు. పెరిగిన లిమిట్ రిపోర్టులో కనబడేదాకా ఓపిక పట్టు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి కాబట్టి మునుపటంత ఆలస్యం కాదు. అప్పుడు మూడో బ్యాంకు 40,000 కార్డు మూసెయ్. మిగిలేది రెండు కార్డులు, 3,40,000 లిమిట్, నీ వాడకం 22 శాతం. ఇదంతా లోనుకు అప్లై చేయడానికి కనీసం ఆరు నెలల ముందే ముగిసిపోవాలి.

ఇక మీ నాయన సంగతి.

గాంధీ రోడ్డులో స్టీలు సామాన్ల అంగడి నీకు గుర్తుండే ఉంటుంది. 2006 ప్రాంతంలో టై కట్టుకున్న పిల్లోళ్లు సంచులు తగిలించుకుని అంగడంగడికీ తిరిగి కార్డులు ఇచ్చేవాళ్లు. "మొదటి ఏడాది ఫ్రీ సార్" అంటే అన్న సంతకం పెట్టినాడు. ఒకే ఒక్కసారి చెన్నైలో సరుకుకు వాడినాడు, గడువులోపలే మొత్తం కట్టేసినాడు. ఆ తర్వాత, నాకెందుకీ అప్పుల బెడద అనుకుని, సరుకు కట్టే పురికొస కత్తిరించే పెద్ద కత్తెరతో కార్డును రెండు ముక్కలు చేసి గల్లాపెట్టె కిందున్న చెత్తబుట్టలో వేసినాడు. బ్యాంకుకు ఒక్క మాట చెప్పలేదు. కార్డు ముక్కలైతే ఖాతా కూడా పోయినట్టేనని ఆయన నమ్మకం. ఆయనొక్కడే కాదు, అదే నమ్మకంతో నా కౌంటరు దగ్గరికి వచ్చి నివ్వెరపోయినవాళ్లను చాలామందిని చూసినా.

ఖాతా మాత్రం బతికే ఉంది. రెండో ఏడాది 500 రూపాయల ఫీజు పడింది. కట్టలేదని లేటు ఫీజు, దాని మీద వడ్డీ, వాటి మీద సర్వీస్ టాక్స్. బిల్లులేమో బైరాగిపట్టెడ అడ్రసుకు పోతా ఉన్నాయి, మీరు అప్పటికే కొర్లగుంటకు మారిపోయినారు. మొదటి ఫోన్ వచ్చేసరికి బాకీ 11,000 దాటింది. వసూలుకొచ్చిన మనిషి అంగట్లో కొనేవాళ్ల ముందర నిలబడి గొంతు పెంచినాడు. ఒకరికి ఒక్క రూపాయి బాకీ పడకుండా బతికిన మనిషి మీ నాయన. ఆ మాటలు తట్టుకోలేక "ఎంత కడితే వదిలేస్తారు" అన్నాడు. ఆరు వేలు కడితే ఫైలు ముగిస్తామన్నారు. కట్టినాడు. ఒక కాగితం ఇచ్చినారు. దాన్ని లక్ష్మీదేవి పటం వెనక దాచిపెట్టి, పీడ వదిలిందనుకున్నాడు. నాకు కూడా చెప్పలేదు.

2014లో తిరుచానూరు రోడ్డులో ఒక ఇంటికి అడ్వాన్సు ఇచ్చి లోనుకు పోయినప్పుడు నన్ను తోడు రమ్మన్నాడు. లోను ఆఫీసరు మర్యాదస్తుడు. నోటితో చెప్పలేక కంప్యూటరు తెర మా వైపు తిప్పినాడు. పేరు, పాన్ నెంబరు, కింద ఆ కార్డు వరస. దాని పక్కన "సెటిల్డ్" అని ఉంది. బాకీ పూర్తిగా రాలేదు, వచ్చినంత తీసుకుని మిగతాది బ్యాంకు వదులుకుంది అని దానర్థం. లోను ఇచ్చేవాళ్లు ముందుగా వెతికేది అట్లాంటి వరసలనే. మీ నాయన కాసేపు ఆ తెర వంకే చూసి, జేబులోంచి పాత కాగితం తీసి, మడతలు విప్పి టేబులు మీద పరిచి, "కట్టేసినాను సార్, ఇదిగో" అన్నాడు. ఆఫీసరు చదివి ఒక లైను మీద వేలు పెట్టినాడు. మిగిలిన మొత్తం మినహాయించి సెటిల్ చేశామని అందులోనే రాసి ఉంది.

తర్వాత నేనే వెంటబడి మిగతా డబ్బు కట్టించి, బాకీ లేదన్న లెటరు తీసుకుని, రిపోర్టులో "క్లోజ్డ్" అని మార్పించేసరికి నెలలు పట్టింది. అప్పటికి గడువు దాటి ఆ ఇల్లు వేరేవాళ్ల చేతికి పోయింది. అడ్వాన్సులో సగం కూడా వెనక్కి రాలేదు. నువ్వప్పుడు పదో తరగతి. కొత్తింట్లో నీ గది ఏ పక్కనో కాగితం మీద గీసుకుని పుస్తకాల్లో పెట్టుకున్నావని వదిన చెప్పి ఏడ్చింది. ఎందుకు పోలేదని నువ్వు మళ్లీ అడగలేదు. ఆయన చెప్పనూ లేదు.

అందుకే మూసే పని మీద ఇంత పట్టుబడతా ఉండా. నాయనకు లేని ఆసరా ఇప్పుడు నీకుంది. రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బాకీ లేని కార్డును నువ్వు అడిగిన ఏడు పనిదినాల్లోపల మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే నీకు కట్టాలి. మూసినట్టు మెయిల్‌లోనో మెసేజ్‌లోనో తెలపాలి. నీ ఒప్పుదల లేకుండా లిమిట్ పెంచకూడదని కూడా అందులోనే ఉంది. ఫోన్‌లో అడిగితే రిక్వెస్ట్ నెంబరు రాసుకో, ఆ రోజే మెయిల్ కూడా పెట్టు. ముప్పై రోజుల్లో దారికి రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి, ఫిర్యాదు పెట్టొచ్చు, 14448కు చేస్తే ఎట్లా పెట్టాలో చెప్తారు.

మూయమని అడిగే ముందు, ఆ కార్డు నుంచి నెలనెలా దానంతటదే పోయే కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జి లాంటివి వేరే కార్డుకు మార్చు. ఈఎంఐ ఏమైనా మిగిలిందేమో చూడు. పాయింట్లుంటే వాడేసుకో. చివరి బిల్లు సున్నా వచ్చేదాకా ఆగు. మొత్తం కట్టేసినాక కూడా నాలుగైదు రూపాయల వడ్డీ తర్వాతి బిల్లులో తేలడం మా బ్రాంచిలో తరచూ చూసేదాన్ని. ఆ నాలుగు రూపాయలే తర్వాత నాలుగు వేలవుతాయి. బాకీ లేదన్న లెటరు చేతికొచ్చినాక మెయిల్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి ఉంచుకో. ఒకటి రెండు నెలలకు రిపోర్టు తీసి అక్కడ "క్లోజ్డ్" అని ఉందో లేదో నీ కళ్లతో చూడు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్, ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలు నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఉన్న నిబంధన అది. మన రిపోర్టు మనం చూసుకుంటే అందులో ఇచ్చే మార్కు, అంటే స్కోరు, తగ్గదు.

ఇంకొకటి అడగాలి. దసరా నెలలో ఒక కార్డుకు మినిమం, అంటే బిల్లులో కనీసం ఇంత కట్టమని చూపే చిన్న మొత్తం, మాత్రమే కట్టి ఊరుకున్నావంట. మీ అమ్మ నోరు జారింది. నాకు ఒళ్లు మండింది. చాలా కార్డుల మీద నెలకు 3.5 శాతం చుట్టూ వడ్డీ, అంటే ఏడాదికి 42, దాని మీద జీఎస్టీ వేరే. బాకీ కొంచెమే మిగిలినా, కొన్న రోజు నుంచి లెక్క కడతారు, కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. లిమిట్ పెరిగేకొద్దీ ఆ మినిమం చిన్నదిగా కనబడి ఇంకా మభ్యపెడుతుంది. బ్యాంకు ఉద్యోగి మేనకోడలివి, ఇది తెలియదా అని ఫోన్ చేసి అరవబోయినా. ఇంతలో మీ అమ్మే చెప్పింది, తమ్ముడి కాలేజీ ఫీజుకు కట్టి నీ బిల్లు ఆపుకున్నావని. ఇంకేం అరుస్తాను. ఇకమీద అట్లాంటి అవసరం వస్తే ముందు చిత్తూరుకు ఫోన్ చెయ్. నా పెన్షన్ అంతా నేనొక్కదాన్నే తినడం లేదు. ఆ బాకీ ఇంకా ఉంటే ఈ వారమే చెప్పు, తీర్చేద్దాం. అది తీరేదాకా ఏ కార్డునూ ముట్టుకోవద్దు.

కార్డు లిమిట్ పెంచుతామని, కార్డులు కలిపిస్తామని ఎవరు ఫోన్ చేసినా పెట్టెయ్. ఓటీపీ అడిగినా, ఏదో ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేసుకోమన్నా వాళ్లు దొంగలే. పొరపాటున డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు ఫోన్ చెయ్, సిగ్గుపడి దాచొద్దు. లిమిట్ పెరిగినాక యాప్‌లో ఆన్‌లైన్ వాడకానికి నువ్వే ఒక హద్దు పెట్టుకో, విదేశీ లావాదేవీలు ఆపేసుకో.

ఈ ఆదివారం లోపల సిబిల్ రిపోర్టు తీసి నాకు వాట్సాప్‌లో పంపు. పాన్ నెంబరు, ఖాతా నెంబర్లు కనబడకుండా కొట్టేసి పంపు. ఒక్కో కార్డుకు బిల్లు తయారయ్యే తేదీ, కట్టాల్సిన తేదీ రెండూ పక్కన రాయి. బిల్లు తయారయ్యే ముందే టూర్ల ఖర్చు కొంత కట్టేస్తే రిపోర్టుకు పోయే బాకీ తగ్గుతుంది, ఏ నెలలో ఎంత కట్టాలో లెక్క నేను వేసిస్తా. రెండో బ్యాంకుకు పెట్టబోయే మెయిల్ కూడా పంపే ముందు నాకు చూపించు.

మీ అత్త,
గిరింపేట, చిత్తూరు