యార్డుతో సహా ప్రొక్లెయిన్ల వ్యాపారం: ఒక్క ధర చెబితే ఒప్పుకోకండి

ప్రశ్న: కాకినాడ దగ్గర సముద్రానికి చేరువలో ఒకాయన పదిహేనేళ్లుగా తవ్వకాల పని చేస్తున్నారు. 50 సెంట్ల యార్డు, షెడ్డు, 20 టన్నుల ప్రొక్లెయిన్లు రెండు, ఒక జేసీబీ అన్నీ కలిపి ఒకే ధర చెబుతున్నారు. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, పిఠాపురం

జవాబు: ముందుగా ఆ ఒక్క ధరను మూడుగా విడగొట్టించండి: స్థలం, యంత్రాలు, వ్యాపారం. కలిపి చెప్పిన ధరలో సాధారణంగా స్థలం విలువ చూపించి అరిగిన యంత్రాలు అంటగడతారు.

స్థలానికి 30 ఏళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీల పత్రం), పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు తీయండి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి. తీరప్రాంతాల్లో ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములు, ఏటి పోరంబోకులు చేతులు మారుతుంటాయి. పదిహేనేళ్లు అనుభవంలో ఉన్నంత మాత్రాన అది పట్టా కాదు. ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల లోపు తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయి, ఉప్పుటేర్ల గట్ల వెంబడి కూడా. అందుకే ఉన్న షెడ్డుకు అనుమతి ఉందా, రేపు పెంచుకోవచ్చా అన్నది సీఆర్‌జెడ్ మ్యాపు మీద సర్వే నంబరు పెట్టి చూసుకోవాలి. ఉప్పాడ వైపైతే ఇంకో మాట. అక్కడ సముద్రం ఏళ్లుగా ఊరిని, రోడ్డును కోసుకుంటూ వస్తోంది. పాత కొలతలు నమ్మకుండా మళ్లీ సర్వే చేయించండి. స్థలం విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే ధరలోంచి 1 శాతం ఆదాయపు పన్ను (టీడీఎస్) పట్టి ప్రభుత్వానికి కట్టాల్సింది మీరే.

యంత్రాల దగ్గరకు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగానే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఆ రోజు తిరిగి వచ్చేయండి. స్టార్ట్ చేశాక నీలం పొగ వదలకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు. ఆయిల్ మూత తీస్తే జోరుగా ఆవిరి తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయి. బకెట్ నిండా మట్టితో బూమ్ (యంత్రం పెద్ద చెయ్యి) ఎత్తి ఇంజిన్ ఆపి పది నిమిషాలు చూడండి. బూమ్ కళ్లముందే దిగిపోతే సిలిండర్ సీళ్లో వాల్వులో పోయాయి. ఉప్పుగాలికి సిలిండర్ రాడ్ల మీద క్రోమ్ గుంటలు పడుతుంది. ఆ రాడ్డు ఎన్ని కొత్త సీళ్లు వేసినా కోసేస్తుంది, రాడ్డే మార్చాలి. వైరింగ్ కనెక్టర్లు విప్పి పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. చైను, దాన్ని తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్), రోలర్ల అరుగుదల కొలిపించండి. స్ప్రాకెట్ పళ్లు మొనదేలి ఉంటే ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి. చైను యంత్రాల నిర్వహణలో పెద్ద ఖర్చు ఇదే.

గంటల మీటరును మాత్రమే నమ్మకండి. 20 టన్నుల యంత్రం గంటకు సుమారు 12–15 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఏడాదికి 2,000 గంటలు నడిచిందంటే 24,000–30,000 లీటర్ల బిల్లులుండాలి. బిల్లులు అందులో సగమే ఉంటే, చూపిన ఆదాయం మీదా అనుమానం రావాలి.

జేసీబీకి ఆర్‌సీ ఉంటుంది. ఫారం 29, 30 మీద బదిలీ, అప్పు తీరితే ఆర్‌సీలోంచి దాన్ని తీయించడానికి ఫారం 35. ఇనుప చైన్ల ప్రొక్లెయిన్‌కు సాధారణంగా ఆర్టీఓ రిజిస్ట్రేషనే ఉండదు. అసలు ఇన్వాయిస్, యంత్రం మీది సీరియల్ నంబరు సరిపోవాలి, ఫైనాన్స్ సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) రావాలి, తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కూడా వెతకాలి. అనుమతి లేని గ్రావెల్ తవ్వకాల్లో పట్టుబడిన కేసు ఉందేమో గనుల శాఖలో కనుక్కోండి.

ఇక వ్యాపారం. మూడేళ్ల పని లెక్కను నెలవారీగా అడగండి. చెరువుల తవ్వకం ఎండాకాలంలోనే జోరు, వానల్లో యంత్రాలు యార్డులో నిలబడతాయి. వాయిదాలు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ ఆయన సొంత పేరున ఉంటే మీకు రాదు. సగం పని ఒక్క రొయ్యల రైతు దగ్గర నుంచే వస్తుంటే దాన్ని స్థిరమైన వ్యాపారంగా లెక్కించకండి. ఆపరేటర్లతో విడిగా మాట్లాడండి. ఊళ్లో నమ్మకం చాలావరకు వాళ్ల చేతిలోనే ఉంటుంది.

నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా బదిలీ చేస్తే జీఎస్‌టీ మినహాయింపు ఉంది. యంత్రాలు విడివిడిగా అమ్మితే పన్ను పడుతుంది. కానీ జీఎస్‌టీ చట్టం 85వ సెక్షన్ ప్రకారం, బదిలీ నాటి వరకు ఉన్న బకాయిలకు కొన్నవారూ బాధ్యులే. అందుకని ధరలో కనీసం పది శాతం ఆరు నెలలు ఆపి ఉంచే షరతు ఒప్పందంలో రాయించండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే కారణం గట్టిగా అడగండి.

ప్రశ్న: అమ్మినాయన ఆరు నెలలకే పక్క వీధిలో మళ్లీ యంత్రం పెడితే?
– మరో పాఠకుడు, తుని

జవాబు: ఇదే పని మళ్లీ చేయకూడదని ఒప్పందంలో రాసుకోవచ్చు గానీ, కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఇలాంటి ఆంక్షలను సాధారణంగా చెల్లనివ్వదు. గుడ్‌విల్ (వ్యాపారానికున్న పేరు, నమ్మకం) అమ్మకానికి మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి ఒప్పందంలో గుడ్‌విల్‌కు విడిగా ధర చూపించి, ఏయే మండలాల్లో, ఎన్నేళ్లు ఇదే పని చేయకూడదో స్పష్టంగా రాయించండి. రాష్ట్రమంతటా, జీవితాంతం అని రాస్తే కోర్టులో నిలవడం కష్టం. చుట్టుపక్కల నాలుగైదు మండలాలు, మూడేళ్లు అంటే సమంజసంగా ఉంటుంది. ఆయన ఫోన్ నంబరునూ మీ పేరుకు మార్పించుకోండి, పాత రైతులు ఫోన్ చేసేది దానికే.