ఒక రికార్డు ఉండాలా పోవాలా అన్నది ఎప్పుడు తేలుతుంది?

ప్రభుత్వాలు ఏ రికార్డు దాచాలో, ఏది ధ్వంసం చేయాలో ఎలా నిర్ణయిస్తాయి, తమకు ఇబ్బంది కలిగించేవాటిని పైవాళ్లు తీసేయించుకోరా అని అడిగారు. నేను ఒక ప్రభుత్వ శాఖ రికార్డు రూమ్‌లో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. చూసింది చూసినట్టు చెబుతాను.

కావాలని ఫైళ్లు మాయం చేసేవాళ్లు ఉంటారు, లేరని అనను. కానీ పోయే కాగితాల్లో చాలా భాగం రూలు ప్రకారమే, అన్ని సంతకాలతోనే పోతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది కూడా అలా పోయినవే.

ప్రతి శాఖకూ రిటెన్షన్ షెడ్యూల్ అని ఒకటి ఉంటుంది. ఏ రకం కాగితాన్ని ఎన్నేళ్లు ఉంచాలో చెప్పే పట్టిక అది. సెలవు దరఖాస్తులకు ఒక లెక్క, బిల్లులకు ఒక లెక్క, భూమి హక్కుల కాగితాలకు ఇంకో లెక్క. విషయం తేలిపోయి ఫైలు మూసేటప్పుడు, దాన్ని చూసిన గుమాస్తా ఆ పట్టిక ప్రకారం అట్ట మీద గడువు రాస్తారు. మూడేళ్లు, అయిదేళ్లు, పదేళ్లు, లేదా శాశ్వతం. పై అధికారి పక్కన సంతకం పెడతారు, చాలాసార్లు అట్ట తిప్పి చూడకుండానే. గడువు తీరాక కట్టలు దింపి, జాబితా రాసి, అనుమతి తెచ్చుకుని, కాగితాలు ముక్కలు చేసే మెషిన్‌లో వేసే రోజుకి మళ్లీ ఆలోచించేవాళ్లు తక్కువ. ఎప్పుడో ఒక సాయంత్రం, ఇంటికి వెళ్లే తొందరలో రాసిన ఆ అంకె అప్పటికే అంతా తేల్చేసి ఉంటుంది.

భారత కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైళ్లను ఎ, బి, సి అని మూడు తరగతులు చేస్తారు. ఎ అంటే శాశ్వతంగా ఉంచి, మైక్రోఫిల్మో డిజిటల్ కాపీయో కూడా తీయాల్సినవి. బి కూడా శాశ్వతమే, కాపీ మాత్రం అక్కర్లేదు. సి అంటే గడువు ఉన్నవి, ఆ గడువు పదేళ్లు దాటదు. పేర్లు వేరైనా చాలా దేశాల్లో పద్ధతి ఇలాంటిదే.

మరి ఆ పట్టికలోని అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? మొదట చూసేది కార్యాలయం అవసరం. ఆడిట్ ఎప్పుడు పూర్తవుతుంది, కోర్టులో దావా వేయడానికి ఎన్నేళ్ల వరకు వీలుంది, పింఛను లెక్కకు ఏది కావాలి, ఇలాంటివి. చరిత్రకు పనికొస్తుందా అన్నది ఆ తర్వాతే. అమెరికా ఆర్కైవిస్టు (పాత రికార్డులు భద్రపరిచే నిపుణుడు) షెలెన్‌బర్గ్ 1956లో ఈ రెండింటినీ విడదీసి చెప్పారు. కాగితం పుట్టించిన కార్యాలయానికి ఉండే విలువ ఒకటి, ఇతరులకు ఉండే విలువ మరొకటి అని. అంతకు ముందు బ్రిటన్‌లో జెంకిన్సన్ అనే ఆర్కైవిస్టు, ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఏరే పనిలో అసలు ఆర్కైవిస్టు వేలు పెట్టకూడదన్నారు. ఏరేవాళ్ల ఇష్టాయిష్టాలు చరిత్రలోకి దూరిపోతాయని ఆయన భయం. ఆ భయం సరైనదే, కానీ ఇన్ని కాగితాలు మోయగలిగిన భవనం ఏ దేశంలోనూ లేదు. అమెరికా జాతీయ ఆర్కైవ్స్ లెక్క ప్రకారం అక్కడి కేంద్ర ప్రభుత్వ రికార్డుల్లో శాశ్వతంగా నిలిచేది ఒకటి నుంచి మూడు శాతమే.

బ్రిటన్‌లో 1954లో, ప్రభుత్వ రికార్డుల మీద వేసిన గ్రిగ్ కమిటీ రెండు పరిశీలనలు ఉండాలని చెప్పింది. ఫైలు మూసిన అయిదేళ్లలోపు మొదటిసారి చూసి, శాఖకు ఇక అవసరం లేదనుకుంటే తీసేయాలి. మిగిలినవాటిని, ఆ కాగితాలు పుట్టిన ఇరవై అయిదేళ్లకు చరిత్ర దృష్టితో చూడాలి. అక్కడి ప్రభుత్వ రికార్డుల చట్టం 1958లో వచ్చింది దాని తర్వాతే. శాఖకు అయిదేళ్లకే పనికిరాకుండా పోయింది చరిత్రకూ పెద్దగా పనికిరాదన్న నమ్మకం దీని వెనుక ఉంది. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు నేను రాసిన మొదటి పెద్ద జాబితాలో పద్నాలుగు కట్టల మస్టర్ రోల్స్ ఉన్నాయి. రోజుకూలీల హాజరు పట్టీలు. ఆడిట్ అయిపోయింది, అభ్యంతరాలు లేవు, గడువు తీరింది. పద్నాలుగు కట్టలకూ కలిపి జాబితాలో ఒకటే లైను. నా చేతిరాతే. ఎనిమిదేళ్ల తర్వాత ఒక పెద్దాయన వచ్చారు. ఏయే సంవత్సరాల్లో పనిచేశారో రుజువు చూపిస్తేనే రోజుకూలీగా చేసిన ఆరేళ్ల సర్వీసు లెక్కలోకి వస్తుందని ఆయనకు చెప్పారట. "మీ దగ్గరే ఉండాలి కదమ్మా, రోజూ వేలిముద్ర వేశాను" అన్నారు. జాబితా తీయకముందే నాకు విషయం తెలుసు.

క్యాష్ బుక్ మిగిలింది. అందులో ఆ రోజు చెల్లించిన మొత్తం ఉంటుంది, పేర్లు ఉండవు. రెండు వారాలు వెతికాను. చివరికి ఒక ప్రమాద విచారణ ఫైలు దొరికింది. పనిచోట గోడ కూలి ఒకరు చనిపోయినప్పుడు జరిగిన విచారణ కాబట్టి దాని మీద శాశ్వతం అని రాసి ఉంది. సాక్షుల వాంగ్మూలాల్లో ఈయన పేరుంది, ఆ రోజు పనిలో ఉన్నారని ఉంది. ఆరేళ్లకు రుజువు కావాల్సిన మనిషికి ఒక్క రోజుకు దొరికింది. దాని కాపీ ఇచ్చి పంపాను. ఆయన మళ్లీ రాలేదు.

ఇందులో రూలు తప్పినవాళ్లు ఎవరూ లేరు. మస్టర్ రోల్ అంటే కూలి డబ్బు చెల్లించినందుకు ఆధారం అని మాత్రమే ఆ షెడ్యూల్ రాసినవాళ్లు చూశారు. అది ఆ మనిషి పనికి ఉన్న ఏకైక సాక్ష్యం కూడా అని చెప్పేవాళ్లు ఆ గదిలో లేరు.

ఇదే సంగతి బ్రిటన్‌లో చాలా పెద్ద ఎత్తున జరిగింది. 1950లు, 60లలో కరీబియన్ దీవుల నుంచి ఓడల్లో వచ్చినవాళ్ల ల్యాండింగ్ కార్డులు, అంటే దేశంలో దిగిన తేదీ ఉండే చీటీలు, హోం శాఖ దగ్గర ఉండేవి. 2010లో వాటిని ధ్వంసం చేశారు. కార్యాలయం ఆ భవనం ఖాళీ చేస్తోంది, పైగా వ్యక్తిగత సమాచారాన్ని అవసరానికి మించి ఉంచుకోకూడదు అన్నారు. కొన్నేళ్లకు వలస నిబంధనలు బిగిశాయి. దశాబ్దాలుగా అక్కడే బతుకుతున్నవాళ్లను రుజువులు చూపమన్నారు. ఉద్యోగాలు పోయాయి, కొందరికి వైద్యం అందలేదు, కొందరిని దేశం నుంచే పంపేశారు. కార్డుల సంగతి 2018లో బయటికొచ్చింది. కార్డు ఎప్పుడొచ్చారో చెబుతుంది గానీ, ఆ తర్వాత అక్కడే ఉన్నారని చెప్పదు అన్నది ప్రభుత్వ వాదన. అందులో కొంత నిజం ఉంది. కానీ ఇంకేమీ లేని మనిషికి ఆ ఒక్క తేదీ కూడా ఆధారమే. మా పెద్దాయనకు దొరికిన ఆ ఒక్క రోజు లాగే.

అమెరికా పద్ధతిలో ఒకటి నాకు బాగా నచ్చుతుంది. అక్కడ శాఖలు తమంతట తామే ధ్వంసం చేయడానికి వీల్లేదు, జాతీయ ఆర్కైవ్స్ ఆమోదం కావాలి. కొత్త షెడ్యూల్ ప్రతిపాదిస్తే ముందుగా ప్రకటన ఇస్తారు, ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు. 2017లో వలస నిర్బంధ కేంద్రాల్లో జరిగిన మరణాలు, లైంగిక దాడుల రికార్డులను ఇరవై ఏళ్ల తర్వాత తీసేయాలన్న ప్రతిపాదన అలాగే జనం కంట పడింది. వేలమంది అభ్యంతరం రాశారు. కొన్ని మార్పులతో ఆర్కైవ్స్ ఆమోదించినా, జనం చెప్పినదాన్ని సరిగా పట్టించుకోలేదని 2021లో ఫెడరల్ కోర్టు ఆ ఆమోదాన్ని కొట్టేసింది. గుమాస్తా అట్ట మీద అంకె రాయకముందే బయటివాళ్లు అడగగలిగితే ఏమవుతుందో ఇది చూపిస్తుంది.

భారత పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993లో వచ్చింది. అది కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తిస్తుంది. పద్ధతి తప్పి ధ్వంసం చేస్తే అయిదేళ్ల వరకు జైలు పడొచ్చు. 1892కి ముందు పుట్టిన రికార్డును, ఎందుకూ పనికిరానంతగా పాడైతే తప్ప, ముట్టుకోకూడదు. ఇక కోర్టు కేసు నడుస్తున్నా, ఆడిట్ అభ్యంతరం తీరకపోయినా గడువు తీరిన ఫైలును కూడా ఆపాలి. మా దగ్గర అలాంటి కట్టలకు ఎర్ర చీటీ అంటించేవాళ్లం. ఆ చీటీ ఊడిపోతే ఏమవుతుందో అన్న టెన్షన్ నాకు ఎప్పుడూ ఉండేది.

ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే కదా, మొత్తం దాచేయొచ్చు కదా అనిపిస్తుంది. అమెరికాలో మెయిళ్లకు ఒక దారి వెతికారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లవి శాశ్వతం, మిగతావాళ్లలో చాలామందివి ఏడేళ్లు. పని తేలికైంది, ఒప్పుకుంటాను. కానీ నా అనుభవంలో ఆ పెద్దాయనలాంటి వాళ్ల పేర్లు కనిపించేది కింది ఉద్యోగుల కాగితాల్లోనే.

చివరగా మీకు పనికొచ్చే మాట ఒకటి. మీ రికార్డు లేదని ఏ కార్యాలయమైనా చెబితే, ధ్వంసం చేసిన జాబితా కాపీ రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు ఉన్న చోట దాని కింద అడగండి. నిజంగా రూలు ప్రకారం పోయి ఉంటే అందులో ఏ రకం కాగితం, ఏ సంవత్సరాలది, ఎవరి అనుమతితో, ఏ తేదీన అని ఉంటుంది. జాబితాలో కనిపించకపోతే ఆ ఫైలు ధ్వంసమైనట్టు ఆధారం లేదన్నమాట. అప్పుడు వెతకమని పట్టుబట్టండి. అదే విషయం మీద వేరే ఫైళ్లు ఏమున్నాయో కూడా అడగండి, విచారణలు, ఫిర్యాదులు, ప్రమాదాలు లాంటివి. మీ పేరు అక్కడ ఉండొచ్చు.