సవేని బీచి: ఇసుక నల్లగా ఉంటుంది కాబట్టి మానెయ్యాలా?

జూలైలో అమ్మానాన్నలతో, ఏడేళ్ల పాపతో ఫిజీ వెళుతున్నామని రాశారు. నాలుగు రోజులు మమనుత ద్వీపాల్లో రిసార్టు బుక్ చేశారు. మిగిలిన ఒక రోజు స్థానిక కుటుంబాలు వెళ్లే చోటు చూడాలని ఉంది. లౌతోకా పట్టణం దగ్గర సవేని అనే బీచి ఉందని ఎవరో చెప్పారు. ఇంకెవరో 'అక్కడ ఇసుక నల్లగా మురికిగా ఉంటుంది, పాపతో వెళ్లకండి' అన్నారు. ఏది వినాలి అని మీ ప్రశ్న.

వెళ్లండి. అందులోనూ ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి. నేను ఉద్యోగరీత్యా లౌతోకాలో కొన్నేళ్లు కుటుంబంతో ఉన్నాను. మా పిల్లలు ఈత నేర్చుకున్నది సవేనిలోనే. కాబట్టి ఇది పక్షపాతంతో రాస్తున్న జవాబే అనుకోండి.

ముందు ఇసుక సంగతి, ఎందుకంటే మీ అమ్మగారి భయం అదే. సవేని ఇసుక ఎండినప్పుడు ముదురు బూడిద రంగులో, తడిసినప్పుడు దాదాపు నల్లగా కనిపిస్తుంది. అది మురికి కాదు, రాయి. లౌతోకా, సవేని ఉన్న వితి లేవు ద్వీపం పుట్టిందే అగ్నిపర్వతాల వల్ల. సవేని వెనకాల కనిపించే సబేతో కొండలన్నీ ఎప్పుడో ఆరిపోయిన అగ్నిపర్వతాల శిలలే. వానలకు ఆ రాయి అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి ఒడ్డున చేరుతుంది. అందులో మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం కూడా ఉంటుంది. దక్షిణాన సింగతోకా నది ముఖద్వారం దగ్గరి ఇసుక దిబ్బలు కూడా ఇలా నది మోసుకొచ్చిన ఇసుకతో ఏర్పడినవే. 1989లో వాటిని ఫిజీ తొలి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఉత్తరాన బా నది ముఖద్వారంలో ఇదే ఇనుప ఇసుక కోసం తవ్వకాలు కూడా జరిగాయి. అంటే మీ అమ్మగారు మురికి అని భయపడుతున్నదాన్ని గనిగా చూసేవాళ్లూ ఉన్నారు.

మీరు ముందుగా చూడబోయే రిసార్టు ద్వీపాల్లో ఇసుక తెల్లగా ఉండడానికి కారణం పగడం. రంగురంగుల చిలుక చేపలు పగడపు దిబ్బను కొరికి, జీర్ణం చేసుకుని, పొడిగా వదిలిపెడతాయి. గవ్వల ముక్కలు, పగడపు తునకలు దానికి తోడవుతాయి. సవేని లాంటి చోట వాగుల మంచినీళ్లు, ఒండ్రు కలుస్తాయి కాబట్టి ఒడ్డు పక్కన పగడం అంతగా బతకదు. అక్కడ గెలిచేది కొండ రాయే. రెండు ఇసుకలూ శుభ్రమైనవే, వచ్చిన దారులు వేరు.

పాప కోసం ఒక చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. దాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి పొడి ఇసుక మీద మెల్లగా దొర్లించమనండి. నల్లటి రేణువులు నూగు మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. సంచిలోంచి అయస్కాంతం తీయగానే అన్నీ ఒక్కసారి రాలిపోతాయి. మా అమ్మాయి దీనితో గంటలు గడిపేది. అరచేతిలో కాస్త ఇసుక పోసుకుని దగ్గరగా చూడండి. నల్లవి, బూడిద రంగువి, మధ్యలో మెరిసేవి, అక్కడక్కడా తెల్లటి గవ్వ పొడి, అన్నీ విడివిడిగా కనిపిస్తాయి.

నల్ల ఇసుకతో నిజమైన ఇబ్బంది ఒకటే, అది మధ్యాహ్నం ఎండకు బాగా కాలుతుంది. జూలై అక్కడ చల్లటి పొడి కాలం కాబట్టి మరీ భరించలేనంతగా ఉండదు, కానీ పాపకు చెప్పులు తప్పనిసరి. నీళ్లలోకి కూడా రబ్బరు చెప్పులతోనే దింపండి. ఫిజీ లోతులేని నీళ్లలో రాతిచేప ఉంటుంది, రాయిలా కదలకుండా పడి ఉంటుంది, దాని ముల్లు గుచ్చుకుంటే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. నేను ఉన్నన్నాళ్లూ సవేనిలో ఎవరికీ గుచ్చుకోగా చూడలేదు. అయినా మా పిల్లలను వట్టి కాళ్లతో దిగనివ్వలేదు.

ఇక సముద్రం. ఇది లోతట్టు అఖాతం, అలలు చిన్నవి, పిల్లలకు చాలా అనువైన చోటు. కానీ ఆటుపోట్ల వేళలు చూసుకోకుండా వెళితే నిరాశ పడతారు. ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి, బురద మేట బయటపడుతుంది. అప్పుడు ఈతకు పనికిరాదు. ఫొటోలు పెట్టి 'బురద బీచి' అని తిట్టేవాళ్లు ఆ వేళకు వెళ్లినవాళ్లే. పోటుకు ఓ రెండు గంటల ముందు చేరుకునేలా చూసుకోండి. వాన గట్టిగా పడిన మరుసటి రోజు మాత్రం ఈత వద్దు, వాగులు ఊళ్ల మీద నుంచి ఏవేవో మోసుకొస్తాయి. జూలైలో ఆ పక్కన అలాంటి వాన అరుదు.

నా మట్టుకు నాకు ఆటు వేళే ఎక్కువ ఇష్టం. అప్పుడే ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని బురద మేట మీదకు వస్తారు. కైకోసో అనే గుండ్రటి, గీతల పెంకు గల ఆల్చిప్పల కోసం. వంగి చూస్తూ వెతకరు, పాదాలతో తడుముతూ నడుస్తారు. గట్టిగా తగిలిన చోట ఆగి, చెయ్యి మణికట్టు దాకా బురదలోకి దించి, తీసి, నీళ్లలో ఒకసారి ఆడించి బకెట్‌లో వేస్తారు. మాటలు మాత్రం ఆగవు. ఒకామె నా భార్యకు పాదంతో వెతకడం నేర్పింది. చిన్నవి దొరికితే అక్కడే వదిలెయ్యమంది. ఇది వేడుక కాదు, వాళ్ల రాత్రి భోజనం. ఫిజీలో సముద్రతీరపు పట్టీ చట్టప్రకారం ప్రభుత్వానిది, కానీ ఆ నీళ్లలో చేపలూ ఆల్చిప్పలూ పట్టుకునే సంప్రదాయ హక్కు ఆ ప్రాంతపు స్థానిక వంశాలది. అలాంటి వేట నీళ్లను గోలిగోలి అంటారు. కాబట్టి మీరు సరదాకైనా సరే ఏరి సంచిలో వేసుకోకండి. అడిగితే పాప చేతికి వాళ్లే ఒకటి ఇస్తారు.

ఆదివారమే ఎందుకు అంటున్నానంటే, మామూలు రోజుల్లో సవేని ఖాళీగా ఉంటుంది. ఖాళీ బీచి మీకు ద్వీపాల్లో ఎలాగూ దొరుకుతుంది. ఆదివారం పొద్దున మూలవాసి ఫిజియన్లు చర్చికి వెళతారు, వాళ్లలో ఎక్కువమంది మెథడిస్టులు. చర్చి అయ్యాక మధ్యాహ్నానికి లారీల్లో, చిన్న ట్రక్కుల వెనక కూర్చుని, చాపలూ గిన్నెలూ పట్టుకుని దిగుతారు. అప్పటికే చెట్ల నీడలు సగం భారత సంతతి కుటుంబాలు ఆక్రమించేసి ఉంటాయి. ఒక చెట్టు కింద కర్రపెండలం, చామ ఆకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించిన పలుసామి. పక్క చెట్టు కింద రోటీ, బంగాళదుంప కూర, టమాటా పచ్చడి. మధ్యలో సగానికి కోసిన ఇనుప డ్రమ్ము మీద కోడి కాలుతుంటుంది. కుర్రాళ్లు తడి ఇసుక గట్టిగా ఉన్న చోట రగ్బీ ఆడతారు. బంతి లేకపోతే ఖాళీ ప్లాస్టిక్ సీసాయే బంతి. 2016లోనూ, 2021లో జరిగిన టోక్యో పోటీల్లోనూ పురుషుల రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) ఒలింపిక్ స్వర్ణం గెలిచిన దేశం అది. ఆ సీసా విసిరే తీరు ఒకసారి చూస్తే ఎలా గెలిచారో మీకే అర్థమవుతుంది.

మీరు అటుగా నడుస్తుంటే ఎవరో ఒకరు 'మై కానా' అని పిలుస్తారు. తినడానికి రమ్మని. అది మన ఇళ్లలో గడపలో నిలబడిన మనిషిని భోజనానికి పిలిచే మర్యాద లాంటిదే. ప్రతిసారీ కూర్చోనక్కర్లేదు, చేతులు జోడించి నవ్వి 'వినాకా', అంటే ధన్యవాదాలు, అని చెబితే చాలు. కానీ ఒక్కచోటైనా కూర్చోండి. మగవాళ్లు చాప మీద గుండ్రంగా కూర్చుని యంగోనా తాగుతుంటారు, అది ఒక మొక్క వేరు పొడిని నీళ్లలో పిసికిన పానీయం. మట్టి రంగులో ఉంటుంది, నాలుక కాస్త మొద్దుబారుతుంది, మత్తు సారాయి లాంటిది కాదు. మీ నాన్నగారికి కొబ్బరి చిప్ప అందిస్తే ఒకసారి చప్పట్లు కొట్టి, 'బులా' అని, ఒక్క గుక్కలో తాగి, మళ్లీ మూడుసార్లు చప్పట్లు కొట్టమనండి. ఆయన మందులు వాడుతుంటే వద్దని మర్యాదగా చెప్పొచ్చు, ఎవరూ నొచ్చుకోరు.

మీ అమ్మానాన్నలకు ఈ చోటు నచ్చుతుందని నేను గట్టిగా అనడానికి ఇంకో కారణం ఉంది. 1879 నుంచి 1916 వరకు అరవై వేలకు పైగా మనుషులను భారతదేశం నుంచి ఫిజీ చెరకు తోటలకు కూలి ఒప్పందం మీద తీసుకెళ్లారు. ఆ ఒప్పందాన్నే వాళ్లు గిర్‌మిట్ అన్నారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూడా ఓడలు వెళ్లాయి, వాటిలో తెలుగువాళ్లూ ఉన్నారు. లౌతోకా చక్కెర మిల్లు కూడా 1903లోనే మొదలైంది. దక్షిణాది వాళ్లందరికీ కలిపి 1926లో ఒక సంగం ఏర్పడింది, తర్వాత 1941లో తెలుగువాళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. అది నేటికీ ఉంది. చాలా ఇళ్లలో ఇప్పుడు మాట్లాడేది ఫిజీ హిందీయే, అయినా పేరు చివర నాయుడు, రెడ్డి ఉంటాయి.

సవేనిలో ఒక ఆదివారం ఓ పెద్దాయన మేము పిల్లల్ని కేకేస్తున్న మాటలు విని దగ్గరకు వచ్చారు. 'అన్నం, నీళ్లు, రా, కూచో' అని వరసగా చెప్పి, సరిగ్గా అంటున్నానా అని ఫిజీ హిందీలో అడిగారు. ఆయనకు తాత నుంచి మిగిలిన తెలుగు అంతే. తాతది విశాఖపట్నం జిల్లా అని గిర్‌మిట్ కాగితంలో ఉందట, ఊరి పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. నా భార్య ఆయనతో తెలుగులోనే నెమ్మదిగా మాట్లాడుతూ ఉంటే, అర్థం కాకపోయినా కదలకుండా విన్నారు. తర్వాత వాళ్ల కోడలు మా గిన్నెలో చేపల పులుసు పోసింది. మీ అమ్మగారు అక్కడ ఎవరితోనైనా తెలుగులో రెండు ముక్కలు మాట్లాడితే అది వాళ్లకు పెద్ద కానుక. రిసార్టు భోజనాల గదిలో ఇలాంటిది జరగదు.

వెళ్లే దారి తేలికే. విమానాశ్రయం ఉన్న నాందీకి, లౌతోకాకు మధ్య క్వీన్స్ రోడ్డు మీద నుంచి పక్కదారి పట్టాలి, లౌతోకాకు దగ్గర. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి టాక్సీ మాట్లాడుకోండి, తిరిగి రమ్మనే వేళ కూడా ముందే చెప్పండి. ఆదివారం సాయంత్రం బస్సులు తక్కువ. జూలైలో చెరకు ఆడే కాలం కాబట్టి దారిలో చెరకు లారీలు, ఇరుకు పట్టాల మీద చెరకు రైళ్లు ఎదురవుతాయి. పాపకు అదో సంబరం. సమయం ఉంటే వూదా వైపు వెళ్లి విసేసేయి ఊరు చూడండి. ఫిజియన్ల మొదటి పూర్వీకులు పడవల మీద వచ్చి దిగింది ఆ ఒడ్డునే అని వాళ్ల పురాగాథ. ఊళ్లోకి వెళ్లేటప్పుడు మోకాళ్లు కప్పుకోవాలి, టోపీ తీసెయ్యాలి.

బీచిలో దుస్తుల గురించి అడిగారు. అక్కడ ఆడవాళ్లు, పిల్లలు టీ షర్టు, నిక్కరుతోనే నీళ్లలో దిగుతారు. మీ అమ్మగారు చీరతో ఒడ్డున కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదుల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి, పాపకు ఒక పెద్ద తువ్వాలు, సీసాలో మంచినీళ్లు ఉంచుకోండి. చెత్త వేసే డబ్బాలు ఆదివారం సాయంత్రానికి నిండిపోతాయి, మీ చెత్త మీ సంచిలోనే వెనక్కి తీసుకెళ్లండి. ఈ మాట నేను బతిమాలి చెబుతున్నాను. పట్టణానికి ఇంత దగ్గరలో, డబ్బు ఖర్చు లేకుండా కుటుంబాలు రోజంతా గడిపే ఒడ్డు వాళ్లకు ఎక్కువ లేదు. చుట్టూ మంచి తీరాలన్నీ ఒక్కొక్కటిగా హోటళ్ల చేతుల్లోకి పోయాయి.

నాందీ విమానాశ్రయానికి దగ్గరగా కావాలంటే వైలోఅలోఅ ఉంది, అక్కడా ఇసుక ముదురు రంగే, స్థానికులూ వస్తారు. కానీ ఒడ్డు వెంట బస హోటళ్లు వరసగా ఉంటాయి. మీరు అడిగినది కుటుంబాలు వచ్చే చోటు కాబట్టి నా ఓటు సవేనికే.

చివరగా, ఏదైనా కానుక పట్టుకెళ్లాలా అన్నారు. ఊళ్లోకి అతిథిగా వెళితే పెద్దలకు యంగోనా వేర్ల కట్ట ఇవ్వడం పద్ధతి. బీచికి అవసరం లేదు. లౌతోకా బజారు శనివారం తెరిచి ఉంటుంది, అక్కడ ఒక పెద్ద పుచ్చకాయ, ఓ అనాస కొనిపెట్టుకోండి. ఎవరైనా చాప మీదకు పిలిస్తే కోసి మధ్యలో పెట్టండి. మీ అమ్మగారు పులిహోర చేయగలిగితే ఇంకా మంచిది, మా పులిహోర డబ్బా ఎప్పుడూ ఖాళీగానే వెనక్కి వచ్చేది.