టెక్ సందేహాలు: కెమెరా ఖాతాలో మెయిల్ మార్చుకోవడం ఎలా?

ప్రశ్న: మూడేళ్ళ క్రితం మిర్చి యార్డు దగ్గరి మా కొట్టులో డీవీఆర్‌తో (చిత్రాలను రికార్డు చేసే పెట్టె) నాలుగు కెమెరాలు, లక్ష్మీపురంలోని ఇంట్లో రెండు వైఫై కెమెరాలు పెట్టించాము. బిగించిన కుర్రవాడు, ఫోనులో కెమెరాలు చూసే యాప్‌లో తన మెయిల్‌తోనే ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇచ్చాడు. ఇప్పుడు ఆ ఖాతాకు మా మెయిల్ పెట్టుకుందామంటే కోడ్ అతని మెయిల్‌కే వెళ్తోంది. పాస్‌వర్డ్ మార్చుకుంటే సరిపోతుందా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సరిపోదు. ఊరి పేరు, కెమెరాల సంఖ్య మారడమే తప్ప ఇదే ఉత్తరం నాకు ఏడాదిగా వస్తూనే ఉంది. మొన్ననే విజయవాడ మొగల్రాజపురం నుంచి ఒక అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి కూడా ఇదే అడిగారు. వేలకు వేలు పోసి కెమెరాలు కొని, బిల్లు మీద పైసాతో సహా బేరమాడిన మనిషి, ఖాతా ఎవరి పేరు మీద తెరుస్తున్నారో మాత్రం అడగకపోవడం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పాస్‌వర్డ్ మీరు ఎన్నిసార్లు మార్చినా, 'పాస్‌వర్డ్ మరచిపోయాను' అని నొక్కితే కొత్తది పెట్టుకునే కోడ్ వెళ్ళేది ఖాతాలో ఉన్న మెయిల్‌కే. అంటే ఆ మెయిల్ ఎవరి చేతిలో ఉంటే ఖాతా వారిది. ఆ కుర్రవాడు మంచివాడే కావచ్చు. కానీ అతని ఫోను పోయినా, అతని మెయిల్ పాస్‌వర్డ్ ఎక్కడైనా బయటపడినా, మీ హాలూ మీ గల్లాపెట్టే ముక్కూమొహం తెలియని వాడికి కనబడతాయి.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. రెండేళ్ళ క్రితం బీసెంట్ రోడ్డు దగ్గర ఒక దుకాణంలో కెమెరాల ధరలు అడుగుతుంటే, చిత్రం ఎంత స్పష్టంగా వస్తుందో చూపిస్తానని అక్కడి టెక్నీషియన్ తన ఫోనులో యాప్ తెరిచాడు. వేలితో పైకి తోస్తున్న కొద్దీ జాబితా సాగుతూనే ఉంది: 'మెడికల్ షాపు వెనుక', 'డాక్టరు గారి పోర్టికో', 'పటమట మూడో అంతస్తు'. అతను ఒకదాన్ని నొక్కగానే ఎవరింటి వసారానో కనబడింది. అందులో ఒక పెద్దావిడ చేటలో బియ్యం ఏరుకుంటోంది. తనను ఇద్దరు మగవాళ్ళు ఒక దుకాణంలో నిలబడి చూస్తున్నారని ఆవిడకు తెలియదు. చూపించిన వాడికి అందులో తప్పేమీ తోచలేదు, ధర మాత్రం ఐదు వందలు తగ్గిస్తానన్నాడు.

ఆ జాబితాలోనే మీ సమస్యకు సంబంధించిన ఇంకో చిక్కు ఉంది. చాలామంది టెక్నీషియన్లు ఒకే మెయిల్‌తో ఒకే ఖాతా తెరిచి, తాము బిగించిన అందరి కెమెరాలనూ అందులోనే కలిపేస్తారు. మీ ఖాతా కూడా అలాంటిదే అయితే, దాని లాగిన్ మెయిల్ మార్చడమంటే ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ మీ ఫోనులోకి తెచ్చుకోవడమే. అందువల్ల ముందు పరికరాల జాబితా తెరిచి చూడండి. అందులో మీవి తప్ప వేరే పేర్లేవైనా ఉంటే మెయిల్ మార్పు జోలికి వెళ్ళకండి. అతనికి ఫోన్ చేసి, మీ పరికరాలను తన ఖాతాలోంచి తొలగించమని చెప్పి, వాటిని మీ మెయిల్‌తో తెరిచిన కొత్త ఖాతాలో చేర్చుకోండి. జాబితాలో మీవి మాత్రమే ఉంటే, అతను ఫోన్‌లో ఉండగానే మెయిల్ మార్పు మొదలుపెట్టి, వచ్చిన కోడ్‌ను అప్పటికప్పుడే చెప్పించుకోండి. కోడ్ కొద్ది నిమిషాలే పనిచేస్తుంది కాబట్టి, 'సాయంత్రం చూసి చెబుతాను' అంటే కుదరదు.

అతను అసలు దొరకకపోతే చాలామంది చేసే పని, సూదితో రీసెట్ బొత్తాం నొక్కడం. దానివల్ల కెమెరాలోని వైఫై వివరాలు చెరిగిపోతాయే గాని, ఆ కెమెరా ఫలానా ఖాతాది అన్న నమోదు చాలా మోడళ్ళలో తయారీదారు సర్వర్‌లో అలాగే ఉండిపోతుంది. ఎత్తుకుపోయినవాడు వాడుకోకుండా చేసిన ఏర్పాటు అది. దొంగను ఆపే తాళమే ఇక్కడ యజమానినీ ఆపుతుంది. ఇక మిగిలేది తయారీదారు సహాయ కేంద్రమే. కొన్న బిల్లు, పరికరం అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫోటో పంపి, పాత ఖాతా నుంచి విడదీయమని రాతపూర్వకంగా అడగండి. బిల్లు పోయిందంటారా, ఆ టెక్నీషియన్‌ను వెతికి పట్టుకోవడం తప్ప నాకు తెలిసిన దారి లేదు.

అసలు ఈ తంటా అంతా పరికరాలు చేసేవారి అశ్రద్ధ వల్ల వచ్చింది. ప్రతి ఖాతాకూ లోపల ఒక మారని సంఖ్య ఇచ్చి, మెయిల్‌ను పక్కన ఒక వివరంగా మాత్రమే రాసుకుంటే, దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చవచ్చు. అలా కాక మెయిల్‌నే ఖాతాకు గుర్తుగా పెట్టేసిన యాప్‌లలో దాన్ని మార్చే వీలే ఉండదు. ఖాతా తీసేసి మళ్ళీ తెరుచుకోండి, పాత రికార్డింగులు మాత్రం రావు అంటారు. ఇంకొన్ని యాప్‌లు దీనికి పూర్తిగా ఎదురు, కోడ్‌ను కొత్త మెయిల్‌కు మాత్రమే పంపి ఊరుకుంటాయి. మీ ఫోను తెరిచి ఉండగా రెండు నిమిషాలు చేతిలోకి తీసుకున్న ఎవరైనా ఖాతాను తమ పేరుకు మార్చుకోగలరు, పాత మెయిల్‌కు ఒక్క ముక్క కూడా రాదు. పాత మెయిల్‌కు హెచ్చరిక పంపి, కొన్నాళ్ళ పాటు ఆ మార్పును రద్దు చేసుకునే వీలు ఇవ్వడం అంత కష్టమైన పనేమీ కాదు. మన దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు, సంతోషమే. అయితే పరీక్షలో నెగ్గిన కెమెరాను కూడా నిచ్చెనెక్కి బిగించేవాడు తన మెయిల్‌తోనే తెరుస్తాడు.

వాడకం మానేసిన మెయిల్‌తో ఉన్న ఖాతాలదీ ఇదే వరస. గూగుల్ 2023 డిసెంబరు నుంచి, రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తీసివేసే నియమం పెట్టింది; ఆపేసిన మొబైల్ నంబరు 90 రోజుల తర్వాత ఇంకొకరికి కేటాయించబడవచ్చు, అప్పుడు మీ ఓటీపీ వారికి వెళ్తుంది. మూతబడిన సంస్థ డొమైన్‌ను (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) ఎవరైనా కొనుక్కుంటే ఆ చిరునామాలకు వచ్చే ఉత్తరాలన్నీ వారి పాలు. కాలేజీ మెయిల్‌తో స్మార్ట్‌వాచ్ ఖాతా తెరిచి, చదువు ముగియగానే ఆ మెయిల్ ఆగిపోయిందని రాసిన విజయవాడ విద్యార్థినికి కూడా ఇదే నా జవాబు: ఫోనులో లాగిన్ ఇంకా పోలేదన్నారు కాబట్టి, లాగౌట్ నొక్కకుండా ఈ రోజే సెట్టింగులలోకి వెళ్ళి సొంత మెయిల్ చేర్చండి. పాత మెయిల్ కోడ్ అడిగితే మొబైల్ నంబరుతో ధ్రువీకరించే దారి ఉందేమో చూడండి.

మళ్ళీ గుంటూరు పాఠకుడికి. మెయిల్ మారినంత మాత్రాన అతని ఫోనులో అప్పటికే తెరిచి ఉన్న లాగిన్ దానంతట అదే పోతుందని అనుకోకండి. పాస్‌వర్డ్ మార్చి, 'అన్ని పరికరాల నుంచి లాగౌట్' అన్నది విడిగా నొక్కాలి. కెమెరాను ఎవరెవరితో పంచుకున్నారో ఆ జాబితా కూడా ఖాళీ చేయాలి. కొట్టులోని డీవీఆర్‌కు యాప్‌తో సంబంధం లేని సొంత అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటి ఉంటుంది, అది బిగించిన వాడికి తెలుసు. మానిటర్ మీదే యూజర్ల పట్టిక తెరిచి, మీరు ఎరగని పేరు కనబడితే తీసేసి, అడ్మిన్ పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ రెండూ మార్చండి. అవసరమైన రికార్డింగులు ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. విడదీసి మళ్ళీ కలిపే పూట కెమెరాలు కాసేపు పనిచేయకపోవచ్చు, కనుక ఈ పని యార్డుకు సెలవున్న రోజున, కొట్టులో సరుకు దిగని వేళ పెట్టుకోండి.