పెరట్లో స్విమ్మింగ్ పూల్ మనమే కట్టించుకుంటే 11 లక్షలు సరిపోతాయా?

ప్రశ్న: శంకర్‌పల్లి దగ్గర 600 గజాల్లో మా ఇల్లు. వెనక పెరట్లో 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో స్విమ్మింగ్ పూల్ కట్టించాలని ఉంది. కాంట్రాక్టర్ 17 లక్షలు, జీఎస్టీ అదనం అన్నారు. మేస్త్రీని మాట్లాడుకుని నేనే దగ్గరుండి చేయిస్తే 11 లక్షల్లో అయిపోతుందని నా లెక్క. జీతం చేతికి 1.6 లక్షలు వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ 38,000, ఇంటి ఖర్చు 62,000, సిప్‌లకు 20,000 పోతాయి. ఎఫ్‌డీలో 7 లక్షలు ఉన్నాయి. అవి తీసి, మిగతా 4 లక్షలకు ఇంటి రుణం మీదే అదనంగా ఇచ్చే టాప్‌అప్ లోన్ తీసుకోవచ్చా? పిల్లల వయసు 8, 11.

జవాబు: కట్టించుకోండి, కానీ ఇప్పుడే కాదు. ఆ ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు లక్ష అవసరం. అంటే ఆరు నెలల అత్యవసర నిధి 6 లక్షలు. మీ 7 లక్షల్లో పూల్ కోసం తీయగలిగింది ఒక్క లక్షే. ఉద్యోగానికి ఏదైనా అయినా, ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగాలేకపోయినా కొలనులో పెట్టిన డబ్బు తిరిగి చేతికి రాదు.

మీ 11 లక్షల లెక్క తప్పేమీ కాదు. పనికి ఏ అడ్డంకీ రాకపోతే అయ్యే ఖర్చు అది. బడ్జెట్ ఇలా వేసుకోండి: తవ్వకం, మట్టి తరలింపు 60,000. రాయి తగిలితే బ్రేకర్‌కు 1 లక్ష. కాంక్రీటు, ఇనుము, సెంట్రింగ్, కూలీ 2.4 లక్షలు. వాటర్‌ప్రూఫింగ్, ప్లాస్టరింగ్ 80,000. టైల్స్ 1.4 లక్షలు. పంపు, ఫిల్టర్, పైపులు, లైట్లు, కరెంటు పని 2.5 లక్షలు. గట్టు రాళ్లు, చుట్టూ నడిచే చోటు, పంపు గది, కంచె 2 లక్షలు. స్ట్రక్చరల్ డ్రాయింగ్, ఇంజినీరు వచ్చి చూసినందుకు 50,000. మొత్తం 11.2 లక్షలు. దీనిపై 20 శాతం విడిగా ఉంచుకోవాలి. అప్పుడు 13.4 లక్షలు. కాంట్రాక్టర్ ధరకు 18 శాతం జీఎస్టీ కలిపితే 20 లక్షలు దాటుతుంది కాబట్టి, 6.6 లక్షలు మిగిలే అవకాశం నిజంగానే ఉంది. అయితే లీకైతే వచ్చి బాగుచేసే పూచీ ఆ ధరలో ఉందేమో కాంట్రాక్టర్‌ను అడగండి. మీరే కట్టిస్తే ఆ పూచీ మీదే.

ఆ 20 శాతం ఎక్కువగా భూమిలోకే పోతుంది. మీ వైపు ఒకచోట నల్లరేగడి, ఇంకోచోట షీట్ రాక్ (పరిచినట్టుండే గట్టి రాతి పొర) తగులుతాయి. మేస్త్రీతో ధర మాట్లాడకముందే కొలను వచ్చే చోట రెండు మూలల్లో ఆరడుగుల లోతు గుంత తీయించి చూడండి. రాయి ఉంటే బ్రేకర్ గంటల లెక్కన బిల్లు పెరుగుతుంది. నల్లరేగడి అయితే తడిసి ఉబ్బి, ఎండి కుంగుతుంది కాబట్టి అడుగున, గోడల వెనక ఆ మట్టి తీసేసి మొరం పోసి దిమ్మిస కొట్టించాలి. ఈ రెండింటిలో ఏది తగిలినా మీ లెక్క మారిపోతుంది.

లోతు 3.5 నుంచి 4.5 అడుగులు చాలు. సగటున 4 అడుగులు అనుకుంటే దాదాపు 32,600 లీటర్ల నీరు పడుతుంది. మరో అర అడుగు పెంచితే ఇంకో 4,000 లీటర్లు నింపాలి, శుభ్రం చేయాలి. ఇంత చిన్న కొలనులో డైవింగ్ ఎలాగూ కుదరదు, ఆ అలవాటు పిల్లలకు చేయనీయకండి.

ఖర్చు తగ్గించకూడని మొదటి చోటు షెల్, అంటే కొలను కాంక్రీటు తొట్టి. అడుగు, గోడలు 8 అంగుళాల మందంతో ఎం30 కాంక్రీటు, రెండు వరుసల ఇనుప జాలీ. వృథాతో కలిపి 13 ఘనపు మీటర్ల కాంక్రీటు, 1.2 టన్నుల ఇనుము పడుతుంది. నీరు నిలిచే కట్టడాల ప్రమాణం ఐఎస్ 3370 ప్రకారం డ్రాయింగ్ ఇమ్మని ఇంజినీరును అడగండి. ఇంటి స్లాబులు వేసే మేస్త్రీలు ఇక్కడే పొరపాటు చేస్తారు. అడుగు ఒకరోజు పోసి, నాలుగు రోజుల తర్వాత గోడలు పోస్తే మధ్యలో అతుకు మిగులుతుంది, నీరు అక్కడినుంచే కారుతుంది. అందుకే అడుగుతో పాటే గోడను ఆరు అంగుళాల ఎత్తు లేపి, ఆ అతుకులో పీవీసీ వాటర్ స్టాపర్ పట్టీ పెట్టించాలి. నీరు లోపలికి వచ్చే ఇన్‌లెట్లు, పైన తేలే చెత్తను లాగే స్కిమ్మర్, లైటు గూళ్లు కాంక్రీటు పోయకముందే సెంట్రింగ్‌లో బిగించాలి. తర్వాత గోడ తొలిచి పైపు దూర్చి చుట్టూ సిమెంటు పూస్తే అది ఎప్పటికీ కారుతూనే ఉంటుంది.

ప్లాస్టరింగ్‌కు, టైల్స్‌కు ముందే నీళ్లు నింపి వారం రోజులు చూడండి. మెట్టు మీద ఒక బకెట్ పెట్టి, లోపలా బయటా నీటిమట్టం సమానంగా గుర్తు పెట్టండి. బకెట్లో తగ్గేది ఆవిరి. కొలనులో అంతకన్నా ఎక్కువ తగ్గితే లీకు. పైపుల్ని మట్టి కప్పకముందు 3 కిలోల ప్రెషర్‌తో ఒక రోజంతా ఉంచి పరీక్షించాలి. మేస్త్రీ కూలీలో 10 శాతం ఈ రెండు పరీక్షలూ అయ్యాకే ఇస్తానని మొదటిరోజే కాగితం మీద రాయించుకోండి. టైల్స్ వేశాక లీకు బయటపడితే 1.4 లక్షల పని పగలగొట్టాల్సి వస్తుంది.

వానాకాలంలో కొలను ఖాళీ చేయొద్దు. మీ షెల్ బరువు సుమారు 31 టన్నులు. భూగర్భ నీరు షెల్ అడుగు కన్నా ఒక మీటరు పైకి వస్తే కిందినుంచి తోసే బలం కూడా 31 టన్నులే. లోపల నీరు లేకపోతే షెల్ పైకి లేచి, పైపులు విరుగుతాయి. అడుగు గుంతలో హైడ్రోస్టాటిక్ రిలీఫ్ వాల్వ్ పెట్టించుకోండి, అది కింది నీటిని లోపలికి వదిలి ఒత్తిడి తగ్గిస్తుంది.

పరికరాల్లో అందరూ పంపును పెద్దది కొని ఫిల్టర్‌ను చిన్నది కొంటారు. మీకు గంటకు 10,000 లీటర్లు తోసే 1 హెచ్‌పీ పంపు సరిపోతుంది. దానికి 500 మిల్లీమీటర్ల శాండ్ ఫిల్టర్ అంటగడతారు కానీ ఆ ప్రవాహానికి అది అంచు మీద పనిచేస్తుంది. 600 మిల్లీమీటర్లది తీసుకుంటే నీరు నెమ్మదిగా వెళ్లి, మురికి బాగా పడుతుంది, బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి తోసి ఫిల్టర్‌ను కడగడం) తగ్గుతుంది. పీల్చే పైపు 63 మిల్లీమీటర్లు, తిరిగి వచ్చేది 50. అడుగు డ్రెయిన్లు రెండు ఉండాలి, వాటి మధ్య కనీసం మూడు అడుగుల దూరం ఉండాలి. ఒక్కటే ఉంటే దానికి ఒళ్లు ఆనినా, జుట్టు చిక్కుకున్నా పిల్లలు విడిపించుకోలేరు. నీటిలో లైట్లు 12 వోల్టులవే, ట్రాన్స్‌ఫార్మర్ కొలనుకు దూరంగా. పంపు లైనుకు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ. చుట్టూ నాలుగడుగుల కంచె, దానంతట అదే మూసుకునే గేటు. 8 ఏళ్ల బిడ్డ ఉన్న ఇంట్లో వీటిలో ఏదీ తర్వాత చూద్దాం అనుకునేది కాదు. వీటికి డబ్బు చాలకపోతే పని ఆపండి.

ఇక మీ ప్రశ్నలో కనిపించని ఖర్చు. పంపు రోజుకు ఆరు గంటలు నడిస్తే నెలకు 180 యూనిట్లు. ఇవి మీ ఇంటి వాడకం పైన వచ్చి చేరతాయి కాబట్టి పై శ్లాబు ధర పడుతుంది. యూనిట్‌కు 9 రూపాయలు వేసుకున్నా 1,600. వేసవిలో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైతే దాదాపు 190 లీటర్లు, నెలకు ఒక 5,000 లీటర్ల ట్యాంకరు పైనే. వారానికోసారి బ్యాక్‌వాష్‌కు మరో 500 లీటర్లు. నీటికి 1,500 ఉంచండి. రసాయనాలకు 2,000, వారం వారం శుభ్రం చేసే మనిషికి 3,000, పంపు, ఫిల్టర్ ఇసుక, టైల్స్ సందుల పని కోసం నెలకు 2,000 పక్కన పెట్టాలి. మొత్తం 10,000. పదేళ్లలో ఇది 12 లక్షలు, అంటే మీరు కట్టడానికి వేసుకున్న 11 లక్షల కన్నా ఎక్కువే.

రసాయనాల ఖర్చు మీ బోరు నీటిని బట్టి ఉంటుంది. ముందే ల్యాబ్‌లో కాఠిన్యం, ఐరన్ పరీక్ష చేయించండి. కాఠిన్యం 400 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాటితే టైల్స్ మీద, ఫిల్టర్లో తెల్లటి పొర కడుతుంది. ఐరన్ ఉంటే క్లోరిన్ వేయగానే నీరు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఈ కొలనులో క్లోరిన్ 2 పీపీఎం పెంచడానికి 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ 100 గ్రాములు చాలు. కానీ అది కాల్షియాన్ని కూడా పెంచుతుంది, కాబట్టి కఠిన నీటికి ద్రవరూప సోడియం హైపోక్లోరైట్ మేలు. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉంచాలి.

డబ్బు సర్దుబాటుకు వద్దాం. సిప్‌లు ఆపకుండానే మీకు నెలకు 40,000 మిగులుతుంది. దాన్ని 16 నెలలు ఆర్‌డీలో వేస్తే వడ్డీ కాకుండా 6.4 లక్షలు. ఎఫ్‌డీలోని అదనపు లక్ష కలిపితే 7.4 లక్షలు. మిగతా 6 లక్షలకు టాప్‌అప్ తీసుకోవచ్చు. 9 శాతం వడ్డీ, అయిదేళ్లకు ఈఎంఐ 12,455, మొత్తం వడ్డీ 1.47 లక్షలు. ఈఎంఐ, నిర్వహణ కలిపి 22,500 పోతే ఇంకా 17,500 మీ చేతిలో ఉంటుంది. పిల్లల చదువుల ఖర్చు పెరిగే వయసు కాబట్టి అంతకన్నా తగ్గనీయకండి. తవ్వకం, షెల్ మీ సొంత డబ్బుతో పూర్తి చేసి, నీటి పరీక్ష అయ్యాకే లోన్ తీసుకోండి. భూమిలో ఏం తగిలిందో తెలిసిన తర్వాత ఎంత అప్పు కావాలో కచ్చితంగా తెలుస్తుంది. 16 నెలలు నిండాక వచ్చే నవంబరులో తవ్వకం మొదలుపెడితే వానలు అయిపోయి ఉంటాయి, కాంక్రీటు ఎండలకు ముందే గట్టిపడుతుంది.

కొత్త పన్ను విధానంలో ఉంటే సొంతంగా నివసించే ఇంటి మీద తీసుకున్న రుణ వడ్డీకి మినహాయింపు రాదు, దాని కోసం లోన్ పెంచుకోవద్దు. ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ స్థలంలో పూల్ పెట్టొచ్చో లేదో మున్సిపాలిటీలో తేల్చుకున్నాకే డ్రాయింగ్ గీయించండి. పని జరిగినన్నాళ్లూ కూలీలకు ప్రమాద బీమా తీసుకోండి. సిమెంటు, ఇనుము, పరికరాల బిల్లులన్నీ మీ పేరుతో జీఎస్టీ బిల్లులుగా తీసుకుని, కూలీని బ్యాంకు ద్వారానే చెల్లించండి. ఎప్పుడైనా ఇల్లు అమ్మితే ఈ ఖర్చును ఇంటికి చేసిన మెరుగుదల కింద చూపి, మూలధన లాభంలోంచి తీసేసుకోవచ్చు. ఏటేటా చేసే మరమ్మతులకు మాత్రం ఆ వెసులుబాటు ఉండదు.