డేటాషీట్‌లో 0.1 డిగ్రీ అంటోంది, నాకు 2 డిగ్రీల తేడా వస్తోంది. మెషీన్ పాడైందా?

పాడై ఉండదు. 4 కిలోమీటర్ల ఫైబర్ చివర్లో థర్మామీటర్ కంటే మీ రామన్ యూనిట్ (ఫైబర్‌లోకి లేజర్ కాంతి పంపి, దాని పొడవునా ఉష్ణోగ్రత కొలిచే యంత్రం) 2 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని రాశారు. డేటాషీట్‌లోని ఆ 0.1 సాధారణంగా రిపీటబిలిటీ. అంటే ఒకేచోట పదేపదే కొలిస్తే అంకె ఎంత ఊగుతుందన్నమాట. అసలు ఉష్ణోగ్రతకు ఎంత దగ్గరగా ఉందన్నది వేరే లెక్క. ఆ 0.1 కూడా ఎన్ని నిమిషాల యావరేజింగ్‌కో కింద చిన్న అక్షరాల్లో చూడండి. ఊగుడు సగానికి తగ్గాలంటే నాలుగు రెట్ల సమయం ఇవ్వాలి.

భూగర్భ పవర్ కేబుల్ పక్కన వేసిన ఫైబర్‌తో నేనూ ఇలాగే తల పట్టుకున్నాను. చివరికి బస్తా ఐసు తెప్పించి, రెండు డబ్బాల్లో నీళ్లతో కలిపి, మొదట్లో ఒక చుట్ట, చివర్లో ఒక చుట్ట ముంచాం. చుట్టకి 20 మీటర్లు. మొదటిది సున్నా దగ్గరే ఉంది, చివరిది 2.3 చూపించింది! దూరంతో పాటు తప్పు పెరుగుతోందంటే కారణం దాదాపు ఒకటే. ఈ యూనిట్ ఫైబర్‌లో చెదిరి వెనక్కొచ్చే రెండు కాంతుల, అంటే స్టోక్స్ (పంపినదానికంటే తరంగదైర్ఘ్యం ఎక్కువ), యాంటీ స్టోక్స్ (తక్కువ) కాంతుల నిష్పత్తి చూసి వేడిని లెక్కగడుతుంది. ఫైబర్‌లో ఆ రెండూ ఒకేలా తగ్గవు. సెట్టింగ్‌లో ఉన్న తేడా మా ఫైబర్‌ది కాదు, ఫ్యాక్టరీవాళ్ల టెస్ట్ ఫైబర్‌ది. రెండు చుట్టలతో సరిచేస్తే కుదిరింది. మీ ట్రేస్‌లో (దూరం వెంట ఉష్ణోగ్రత గీతలో) తప్పు మెల్లగా పెరగకుండా ఒకచోట మెట్టులా ఎగిరితే మాత్రం ముందు అక్కడి స్ప్లైస్‌నో (ఫైబర్ అతుకునో) కనెక్టర్‌నో అనుమానించండి. కనెక్టర్ తుడవకుండా సెట్టింగులు మార్చడం మా కుర్రాళ్లకు మహా సరదా.

డేటాషీట్‌లోని 1 మీటర్ రిజల్యూషన్ (విడిగా గుర్తించగల అతి చిన్న పొడవు) సంగతి ఇంకో మెలిక. 10 నానోసెకన్ల లేజర్ పల్స్‌తో ఫైబర్‌లో విడిగా చూడగలిగేది సుమారు 1 మీటర్, అంతకంటే చిన్న హాట్‌స్పాట్ పక్కనున్న చల్లటి ఫైబర్‌తో కలిసి పలచబడిపోతుంది. 30 డిగ్రీల గదిలో 30 సెంటీమీటర్ల ముక్కని 60 డిగ్రీల నీళ్లలో పెడితే మాకు కనిపించింది 39. ప్రతి 25 సెంటీమీటర్లకి ఒక పాయింట్ వస్తోందని మురిసిపోకండి, అది శాంప్లింగ్, అంటే రీడింగుల మధ్య దూరం మాత్రమే. పవర్ కేబుల్ జాయింట్ వేడెక్కడం పట్టుకోవాలంటే అక్కడ ఫైబర్ నాలుగైదు మీటర్లు చుట్టి పెట్టండి.

దూరం కూడా నమ్మకండి. కేబుల్ ట్యూబులో ఫైబర్ కాస్త వదులుగా ఉంటుంది. కేబుల్ కంటే ఫైబర్ పొడవు అర శాతం ఎక్కువున్నా 4 కిలోమీటర్లకి 20 మీటర్లు తప్పు చోట తవ్విస్తారు. తెలిసిన మ్యాన్‌హోల్ దగ్గర ఫైబర్‌ని వేడి చేసి మార్క్ చేసుకోండి.